పేరు మోసిన నయీం

మా జిల్లా పేరు ఉర్దూవాళ్ళ చెవికి ఒకలా, తెలుగువాళ్ళ చెవికి ఇంకోలా పడుతుంది. ఉర్దూలో వికార్ అంటే గౌరవం, హుందాతనం. తెలుగులో వికారం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఫలక్‌నుమా కట్టించిన పాయగా నవాబు, 1893 నుంచి 1901 దాకా హైదరాబాద్ రాజ్యానికి దివాన్‌గా చేసిన వికార్-ఉల్-ఉమ్రా పేరు మీద వికారాబాద్ వెలసింది. రెండు భాషల్లో పెరిగినవాడికి ఊరి పేరు పలికినప్పుడల్లా నవ్వూ వస్తుంది, చిన్న మంటా పుడుతుంది. ఒకే మాట ఒక చెవిలో గౌరవం, ఇంకో చెవిలో కడుపులో తిప్పడం. ఈ దేశంలో మా పేర్లన్నిటి పరిస్థితీ సుమారుగా ఇదే.

మహమ్మద్ అనే పేరు మా రేషన్ కార్డుల్లో "ఎండీ" అయింది. షేక్ "ఎస్‌కే" అయింది. తండ్రి ఒక కాగితంలో సాబ్, ఇంకో కాగితంలో సాహెబ్, మూడోదాంట్లో సాయిబు. ఇది ఎవరో పగబట్టి చేసింది కాదు. రాసే గుమాస్తాకు తెలియదు, చెప్పేవాళ్ళకు చదువు లేదు, అంతే. అయితే 2019 ఆగస్టు 31న అస్సాంలో పౌరుల తుది జాబితా వచ్చి, అందులో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవని తేలాక, ఆ డిసెంబరులోనే పౌరసత్వ చట్టాన్ని సవరించాక, సాబ్‌కీ సాహెబ్‌కీ మధ్యనున్న ఒక్క అక్షరం మా ఇళ్ళల్లో నిద్రపట్టనివ్వలేదు. తాండూరు నాపరాతి గనుల్లో బండలు మోసిన మనుషులు, నడుం మీద ఎంత బరువు పడినా అబ్బా అననివాళ్ళు, పుట్టిన తేదీ కాగితం కోసం ఆఫీసుల ముందు నిలబడి భయపడ్డారు. బండ ఎత్తించేవాడు హమాలీ పేరు అడగడు. కాగితం మాత్రం అడుగుతుంది.

అందుకే నాకు నయీం కథ చెప్పాలనిపించింది. మన పత్రికల్లో నయీం అనగానే 2016లో షాద్‌నగర్ దగ్గర ఎన్‌కౌంటర్‌లో పోయిన మనిషే గుర్తొస్తాడు. నేను చెప్పేది వేరే నయీం. నయీం సులేమానోగ్లు. నాలుగడుగుల పది అంగుళాల మనిషి. మూడుసార్లు ఒలింపిక్ స్వర్ణం, ఏడుసార్లు ప్రపంచ టైటిల్ గెలిచినవాడు. ప్రపంచ పత్రికలు పాకెట్ హెర్క్యులిస్ అని పిలిచినవాడు. అరబ్బీలో నయీం అంటే సుఖం, సౌఖ్యం. స్వర్గానికి జన్నతున్నయీం అని ఒక పేరు. ఆ పేరును అతని దగ్గర్నుంచి ఒక ప్రభుత్వం లాక్కుంది.

నయీం 1967 జనవరి 23న బల్గేరియాలో, కర్జాలి ప్రాంతంలోని ప్తిచార్ అనే పల్లెలో పుట్టాడు. ఆ దక్షిణపు కొండల్లో ఉండేది ఎక్కువగా టర్కీ భాష మాట్లాడే ముస్లింలు, ఒట్టోమన్ల కాలం నుంచీ అక్కడే ఉన్నవాళ్ళు. పిల్లవాడి పొట్టి శరీరంలోని బలాన్ని చిన్నప్పుడే పసిగట్టి క్రీడా పాఠశాలలో వేశారు. ఆ రోజుల్లో బల్గేరియా వెయిట్ లిఫ్టింగ్‌లో సోవియట్ యూనియన్‌నే వణికించేది. కోచ్ ఇవాన్ అబజీయెవ్ పద్ధతి కఠోరమైంది. రోజూ, కొన్నిసార్లు రోజుకి చాలాసార్లు, ఎత్తగలిగినంత గరిష్ఠ బరువు ఎత్తించేవాడు. తట్టుకోలేనివాడు రాలిపోతాడు, తట్టుకున్నవాడు ఛాంపియన్ అవుతాడు. నయీం తట్టుకున్నాడు. పదహారేళ్ళకే ప్రపంచ రికార్డు రాశాడు. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో పతకం ఖాయమనుకున్న సమయంలో సోవియట్ కూటమి ఆ క్రీడలను బహిష్కరించింది. పదిహేడేళ్ళ కుర్రాడు ఇంట్లో కూర్చున్నాడు.

పాఠకుల్లో జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళుంటే వాళ్ళ కోసం ఒక మాట. మన చిన్న పట్టణాల్లో ఎక్కువగా కనిపించే పవర్ లిఫ్టింగ్ వేరు, నయీం ఆట వేరు. పవర్ లిఫ్టింగ్‌లో స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్ లిఫ్ట్ అని మూడు. బరువు తల పైకి పోదు. ఒలింపిక్స్‌లో దానికి చోటు లేదు. ఒలింపిక్ వెయిట్ లిఫ్టింగ్‌లో రెండే. స్నాచ్‌లో నేల మీది బరువును ఒక్క ఊపున తల మీదికి తీసుకోవాలి. క్లీన్ అండ్ జెర్క్‌లో ముందు భుజాల మీదికి, అక్కణ్ణుంచి పైకి. రెండు ఆటలకీ ఒకటే పోలిక, నిన్ను ఎవరూ నెట్టరు, ఎవరూ అడ్డుపడరు. నీకూ ఇనుముకీ మధ్య మూడోవాడు లేడు. నయీం జీవితంలో మాత్రం ఆ మూడోవాడు ఎప్పుడూ ఉన్నాడు.

1984 డిసెంబరులో బల్గేరియా ప్రభుత్వం, తోదోర్ జివ్‌కోవ్ నాయకత్వంలోని కమ్యూనిస్టు ప్రభుత్వం, టర్కిష్ ముస్లింల పేర్లు మార్చే పని మొదలుపెట్టింది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు "పునరుజ్జీవన ప్రక్రియ". మీరు టర్కులు కాదు, ఒకప్పుడు బలవంతంగా మతం మార్చబడిన బల్గేరియన్లే, ఇప్పుడు మీ అసలు మూలాన్ని మీకు తిరిగి ఇస్తున్నాం అన్నది వాళ్ళ వాదం. ఈ వాదం ఎక్కడో విన్నట్టుంది కదూ! మనకు అనువాదం అవసరం లేదు. అంతకుముందే, 1970ల మొదట్లో, బల్గేరియన్ మాట్లాడే పొమాక్ ముస్లింల పేర్లు మార్చి ఆ పనిలో చెయ్యి తిరిగింది. ఈసారి మంచులో పల్లెలను పోలీసులు, సైన్యం చుట్టుముట్టారు. స్లావ్ పేర్ల జాబితా ముందుపెట్టి ఎంచుకోమన్నారు. ఎంచుకోనివాడికి గుమాస్తాయే ఒకటి రాశాడు. కొత్త పేరున్న కాగితం లేకపోతే జీతం రాదు, బ్యాంకులో సొమ్ము రాదు. 1985 మార్చి నాటికి ఎనిమిది లక్షలకు పైగా మనుషుల పేర్లు మారాయి. రికార్డుల్లో చచ్చిపోయిన తాతల పేర్లు కూడా మార్చారు. సమాధిరాళ్ళ మీది పేర్లు చెక్కేశారు. బజారులో టర్కీ భాష మాట్లాడితే జరిమానా. సున్తీ నేరం. ఆడవాళ్ళ సల్వార్ మీదా నిషేధం. ఎదురుతిరిగినవాళ్ళని బెలెనె దీవిలోని శిబిరానికి పంపారు. 1984 డిసెంబరు 26న మొగిల్యానె పల్లెలో నిరసన మీద కాల్పులు జరిగినప్పుడు తల్లి దగ్గరున్న తుర్కాన్ అనే ఏడాదిన్నర పసిపాప చనిపోయింది. ఇప్పుడు అక్కడ ఆ పాప పేరు మీద ఒక నీటి ఊట కట్టారు, ఏటా జనం వస్తారు.

నయీం సులేమానోవ్ "నౌమ్ షలమానోవ్" అయ్యాడు. ప్రపంచ రికార్డు రాసినవాడు కదా, ఇతనికి మినహాయింపు ఉంటుందేమో అనుకుంటాం. ఉండదు. ఇతని పేరు మారిస్తేనే మిగతావాళ్ళకి మాట తగ్గుతుంది. కొత్త పేరుతో సంతోషంగా ఉన్నానని తాను అనని మాటలను పత్రికలో అచ్చేశారని నయీం తర్వాత చెప్పాడు. 1985లో, 1986లో ప్రపంచ టైటిల్ గెలిచాడు. స్కోరు బోర్డు మీద షలమానోవ్. ఎత్తినవాడు ఒకడు, గెలిచినట్టు రాసింది ఇంకొకడి పేరు.

1986 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. నయీం గెలిచాడు. తర్వాత జరిగిన విందులోంచి మెల్లగా జారుకున్నాడు. అక్కడ స్థిరపడిన టర్కిష్ వలసదారులు కొన్ని రోజులు ఇళ్ళల్లో దాచారు. తర్వాత టర్కీ దౌత్య కార్యాలయానికి చేరాడు. అక్కణ్ణుంచి లండన్, లండన్ నుంచి టర్కీ ప్రధాని తుర్గుత్ ఓజల్ పంపిన విమానంలో అంకారా. దిగగానే నేలను ముద్దుపెట్టుకున్నాడు. పందొమ్మిదేళ్ళు. అమ్మా నాన్నా, తమ్ముళ్ళూ బల్గేరియాలోనే ఉండిపోయారు.

దేశం మారిన ఆటగాడు కొత్త దేశం తరఫున ఒలింపిక్స్‌లో దిగాలంటే పాత దేశం ఒప్పుకోవాలి. లేదంటే ఏళ్ళ తరబడి ఆగాలి. బల్గేరియా ఒప్పుకుంది, ఊరికే కాదు. టర్కీ పది లక్షల డాలర్లకు పైగా ముట్టజెప్పింది. నాకు ఈ బేరం దగ్గర మనసు ఆగిపోతుంది. నువ్వు టర్కువి కావు, నీ పేరు నౌమ్ అని లాఠీతో చెప్పిన రాజ్యం, డబ్బు కనపడగానే అతను నయీమేనని రశీదు ఇచ్చినట్టు కాదా?

1988 సెప్టెంబరు 20, సోల్. 60 కిలోల తరగతి. స్నాచ్‌లో 152.5 కిలోలు, అంటే తన ఒంటి బరువుకి రెండున్నర రెట్లు. క్లీన్ అండ్ జెర్క్‌లో 190, మూడింతలు దాటి. మొత్తం 342.5. ఒక్క పూటలో ఆరు ప్రపంచ రికార్డులు. రెండో స్థానంలో నిలిచింది బల్గేరియాకే చెందిన స్తెఫాన్ తొపురోవ్, అతనికీ నయీంకీ తేడా 30 కిలోలు. ఈ ఆటలో రెండున్నర కిలోల తేడాతో జీవితాలు తారుమారవుతాయి, ముప్ఫై అంటే ఊహించుకోండి. పై తరగతిలో, 67.5 కిలోల వాళ్ళలో, చివరికి స్వర్ణం దక్కినవాడు ఎత్తింది 340. బల్గేరియా జట్టు సంగతి వేరేగా ముగిసింది. ఇద్దరు స్వర్ణ విజేతలు మందుల పరీక్షలో దొరికిపోయారు, పతకాలు వెనక్కి ఇచ్చారు, జట్టు మధ్యలోనే మూటాముల్లె సర్దుకుంది.

1968 తర్వాత టర్కీకి అదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. సోల్ తర్వాతే నయీం తల్లిదండ్రులను బల్గేరియా వదిలిపెట్టింది. మరుసటి ఏడాది మే నెలలో టర్కిష్ పల్లెల్లో నిరసనలు చెలరేగితే జివ్‌కోవ్ సరిహద్దు తెరిచి పొమ్మన్నాడు. 1989 వేసవిలో మూడున్నర లక్షల మంది మూటలు కట్టుకుని టర్కీ దారిపట్టారు. పొలాల్లో పొగాకు కోసేవాళ్ళు లేకుండా పోయారు. లక్షమందికి పైగా అక్కడ ఇమడలేక మళ్ళీ వెనక్కి వచ్చారు. నవంబరు 10న జివ్‌కోవ్ దిగిపోయాడు. 1990లో పేర్లు తిరిగి తీసుకోవచ్చని చట్టం వచ్చింది. 2012 జనవరిలో బల్గేరియా పార్లమెంటు ఆ మొత్తం వ్యవహారాన్ని ఖండించి, 1989 నాటి గెంటివేతను జాతి ప్రక్షాళన అని ఒప్పుకుంది.

ఇక్కడ ఆపేసి చప్పట్లు కొట్టవచ్చు. మావాళ్ళలో చాలామంది అలాగే ఆపుతారు. కమ్యూనిస్టులు చెడ్డవాళ్ళు, టర్కీ ముస్లింలు కాపాడారు, సుభానల్లా. కానీ నయీంకి టర్కీ ఇచ్చిన పేరును ఒకసారి చూడండి. పల్లెలో ఉన్నప్పుడు సులేమానోవ్, అంకారాలో దిగాక సులేమానోగ్లు. "ఓగ్లు" అంటే కొడుకు. అందంగానే ఉంది. అయితే టర్కీలో 1934లో ఇంటిపేర్ల చట్టం వచ్చినప్పుడు దాని నిబంధనల్లో ఏం రాశారో తెలుసా? ఓవ్, యాన్, పులోస్ లాంటి పరాయి తోకలున్న ఇంటిపేర్లు పనికిరావని. ఆర్మీనియన్లు, గ్రీకులు, అందరి తోకలూ ఆ నిబంధన కిందికే వచ్చాయి. నయీంని విమానం పంపి తెచ్చుకున్న ఆ 1986లోనే టర్కీలో కుర్దు భాషలో అచ్చువేయడం నేరం. 1983 నాటి ఆ చట్టం 1991 దాకా ఉంది. కుర్దు పేర్లలో ఉండే క్యూ, డబ్ల్యూ, ఎక్స్ అక్షరాలు టర్కీ అక్షరమాలలో లేవన్న సాకుతో 2013 దాకా ఆ పేర్లను రిజిస్టర్‌లో రాయలేదు. తన భాషవాడి పేరు పోతే కన్నీళ్ళు పెట్టుకున్న రాజ్యం పక్కింటివాడి పేరును తానే కొట్టేసింది. కుర్దులూ ముస్లింలే కదా. మతం ఇక్కడ ఎవరినీ కాపాడలేదు.

మా చరిత్రలోనూ ఇలాంటి మూల ఒకటుంది. నిజాం రాజ్యంలో ఉర్దూ రానివాడు కచేరీలో మూగవాడు. తాండూరు తాలూకా అప్పుడు గుల్బర్గా జిల్లాలో ఉండేది. 1956 నవంబరు 1న గుల్బర్గా మైసూరుకి పోతే తాండూరు, కొడంగల్ మాత్రం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. తెలుగు, కన్నడం, ఉర్దూ, లంబాడీ కలిసి వినిపించే ఊరు అది. అక్కడ తెలుగు రైతు ఉర్దూ కాగితం మీద వేలిముద్ర వేసిన రోజులూ ఉన్నాయి, ఉర్దూ మాత్రమే వచ్చిన మా ముసలివాళ్ళు తర్వాత తెలుగు కాగితం మీద వేలిముద్ర వేసిన రోజులూ ఉన్నాయి. రెండూ చెప్పకపోతే లెక్క తప్పుతుంది. నేను పత్రికలో చేరిన కొత్తలో, తెలుగు పేజీలో రాసేటప్పుడు "మంచి తెలుగు పేరు" ఒకటి పెట్టుకోరాదా అని ఒక పెద్దమనిషి ప్రేమగానే సలహా ఇచ్చాడు. నా పేరు తెలుగు పేరు కాదా అని అడిగాను. ఆయన నవ్వేశాడు. మస్తానయ్య, పీరయ్య, హుసేనప్ప, ఫకీరప్ప అని హిందువుల ఇళ్ళల్లో బిడ్డలకు పేర్లు పెట్టుకున్న నేల ఇది. పేర్లకు మతం గోడలు లేని కాలం ఒకటి ఇక్కడే ఉంది, పుస్తకాల్లో కాదు, ఓటర్ల జాబితాల్లో.

బలవంతుల బిరుదులను చూసినా ఇదే తేలుతుంది. విజయనగరం కోడి రామమూర్తి నాయుడు గుండెల మీద ఏనుగును ఎక్కించుకుంటే కలియుగ భీమ అన్నారు. ఉత్తరాది కుస్తీలో గెలిచినవాడు రుస్తుం-ఎ-హింద్. 1954లో ఆ బిరుదు దక్కింది సిక్కు అయిన దారాసింగ్‌కి. ఇంతకీ ఆ రుస్తుం ఎవరు? ఇస్లాం కంటే ముందటి ఇరాన్ వీరుడు. అతనూ ముస్లిం కాదు! హెర్క్యులిస్ సంగతి సరేసరి. కండ ఎప్పుడూ దొరికిన పేరునల్లా తొడుక్కుంది.

1992 బార్సిలోనాలో నయీం రెండో స్వర్ణం గెలిచాడు. 1996 అట్లాంటాలో మూడోది, అది ఈ ఆట చరిత్రలోనే గొప్ప పోటీల్లో ఒకటి. ఎదురుగా గ్రీసుకు చెందిన వలేరియోస్ లియోనిదిస్. అతను పుట్టింది సోవియట్ రష్యాలో, అక్కడి గ్రీకు మైనారిటీలో. అంటే ఇద్దరూ పుట్టిన దేశం వదిలి, పేరుకు తగిన దేశం వెతుక్కున్నవాళ్ళే. హాలు సగం టర్కీ జెండాలు, సగం గ్రీకు జెండాలు. ఒకడు రికార్డు రాస్తే నిమిషాల్లో ఇంకొకడు చెరిపాడు. ఇద్దరూ 187.5 దాకా వచ్చారు. చివరికి లియోనిదిస్ 190కి ప్రయత్నించి విఫలమయ్యాడు. 335కి 332.5. రెండున్నర కిలోలు.

2000 సంవత్సరంలో సిడ్నీలో నయీం నాలుగో స్వర్ణానికి దిగి, స్నాచ్‌లో మూడు ప్రయత్నాలూ తప్పి, లెక్కలోకే రాకుండా పోయాడు. రెండు రోజుల తర్వాత, సెప్టెంబరు 19న, అదే సిడ్నీలో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 240 కిలోలతో కాంస్యం గెలిచింది. భారతదేశంలో ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళ. మన పత్రికల్లో సహజంగానే ఆ వారమంతా ఆమే. ఓడిపోయిన పొట్టివాడి కోసం ఎవరు చూస్తారు!

ఆట ముగిశాక నయీం బతుకు అంత ఎత్తుగా సాగలేదు. 1999లోనే స్వతంత్రుడిగా పార్లమెంటుకు పోటీ చేసి ఓడాడు. తర్వాత కుర్దుల మాట ఎత్తితేనే మండిపడే జాతీయవాద పార్టీ ఎంహెచ్‌పీ తరఫున నిలబడి మళ్ళీ ఓడాడు. పేరు పోగొట్టుకున్నవాడు ఆ పార్టీలోకి ఎలా వెళ్ళాడన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు. దెబ్బ తిన్నవాడు దెబ్బ తిన్న అందరి పక్షానా నిలబడతాడని మనం ఆశిస్తాం. అది మన ఆశ, అతను ఇచ్చిన మాట కాదు.

కాలేయం చెడింది. 2017 అక్టోబరులో కాలేయ మార్పిడి జరిగింది. నవంబరు 18న, యాభై ఏళ్ళకే, ఇస్తాంబుల్‌లో చనిపోయాడు. జనాజాకు గ్రీసు నుంచి లియోనిదిస్ వచ్చాడు, శవపేటికను ముద్దుపెట్టుకున్నాడు. 2021 డిసెంబరులో అదే ఇస్తాంబుల్‌లో జరిగిన ఆసియా పవర్ లిఫ్టింగ్ పోటీల్లో మంగళగిరి అమ్మాయి షేక్ సాదియా అల్మాస్ స్వర్ణం గెలిచింది. ఎస్‌కే కాదు, షేక్ అనే నిండు పేరుతోనే తెలుగు పత్రికలు రాశాయి.

నయీం కథలో ఇంకొక కాగితం మిగిలింది. అతను పోయాక జపాన్ నుంచి ఒక అమ్మాయి వచ్చి, నేను ఆయన కూతుర్ని, ఆ బంధాన్ని రాసివ్వండి అని టర్కీ కోర్టుకెక్కింది. 2018 జూలైలో సమాధి తవ్వారు. నమూనా తీసి పరీక్షకు పంపారు. తండ్రి నయీమేనని తేలింది.